పాత వాహనం స్టార్టు కాకపోవడం

పాత వాహనం స్టార్టు కాకపోవడం అనేది కార్బ్యురేటర్ గల పెట్రోలు కార్లలోను, స్కూటర్లలోను తరచుగా ఎదురయ్యే సమస్య. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలితరం మారుతీ 800 కార్లు, పెట్రోలుతో నడిచే బజాజ్ చేతక్ స్కూటర్లు ఈ కోవకు చెందుతాయి. అంబాసిడర్, మారుతీ 800ల ఉత్పత్తి 2014లో ఆగిపోయినప్పటికీ, వాటిని జాగ్రత్తగా నడుపుకొనేవారు నేటికీ ఉన్నారు. విశాఖపట్నంలోని సీతమ్మధార వంటి ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని, లోపాన్ని వరుసగా గుర్తించే విధానం ఈ వ్యాసంలో వివరించబడింది.

మూలసూత్రం

ఇంజను స్టార్టు కావడానికి నాలుగు అంశాలు అవసరం.
1. ఇంజను తగిన వేగంతో తిరగడం
2. సరియైన సమయానికి నిప్పురవ్వ పుట్టడం
3. పెట్రోలు, గాలి తగిన పాళ్ళలో కలియడం
4. సిలిండరులో తగినంత పీడనం ఏర్పడడం

వీటిని ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఒకేసారి రెండు మూడు భాగాలను మార్చితే, బండి స్టార్టు అయినా అసలు లోపమేదో తెలియదు. ఖర్చు లేని పరీక్షలను ముందు చేయడం ఉత్తమం.

స్థానిక కారణాలు

విశాఖపట్నం సముద్రతీర నగరం కావడం వలన గాలిలో తేమ, ఉప్పు అధికం. ఇవి బ్యాటరీ టెర్మినళ్ళను, ఎర్త్ వైరు బిగించిన చోటును, ఫ్యూజుల మొనలను తుప్పు పట్టిస్తాయి. తుప్పు విద్యుత్తును అడ్డగించడం వలన బ్యాటరీ బాగున్నా స్టార్టరుకు బలం చాలదు. అందువలన ఇక్కడ కొత్త బ్యాటరీ కొనడానికి ముందు టెర్మినళ్ళను విప్పి, శుభ్రపరచి, గట్టిగా బిగించి చూడాలి. వానాకాలంలో డిస్ట్రిబ్యూటర్ మూత లోపల, ప్లగ్గు తీగలపైన చెమ్మ చేరి నిప్పురవ్వ దారి తప్పుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు ఈ లోపం తొలగిపోతుంది.

పరీక్షించే క్రమం

బ్యాటరీ, స్టార్టరు: తాళంచెవి తిప్పినపుడు వచ్చే శబ్దమే మొదటి ఆధారం. "టిక్" మని మాత్రమే వినిపిస్తే ముందుగా బ్యాటరీని, టెర్మినళ్ళను అనుమానించాలి. స్టార్టరు గిర్రున తిరిగినా ఇంజను కదలకపోతే, స్టార్టరు పళ్ళు ఫ్లైవీలుకు తగలడం లేదని అర్థం. విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ పూర్తి చార్జిలో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12 వోల్టుల కంటే తగ్గితే చార్జి చేయించాలి. సెల్ఫును ఒక్కసారికి 10 సెకండ్లకు మించి వాడరాదు.

నిప్పురవ్వ: ప్లగ్గును విప్పి, తీగ తగిలించి, దాని లోహభాగాన్ని ఇంజనుకు ఆనించి ఇంజను తిప్పితే నీలిరంగు రవ్వ కనిపించాలి. చుట్టుపక్కల పెట్రోలు చింది ఉంటే ఈ పరీక్ష చేయరాదు. రవ్వ బలహీనంగా ఉంటే డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లను, కండెన్సరును, కాయిల్‌ను చూడాలి. పాయింట్ల మధ్య ఎడము సాధారణంగా సుమారు 0.4 మి.మీ., ప్లగ్గు ఎడము సుమారు 0.6 మి.మీ. ఉంటుంది. చేతక్ స్కూటరులో ఫ్లైవీలు మాగ్నెటో ఉండడం వలన బ్యాటరీ లేకపోయినా రవ్వ వస్తుంది.

ఇంధనం: విప్పిన ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు, తడిగా ఉండి వాసన వేస్తే ఎక్కువైనది. మొదటి సందర్భంలో ఫిల్టరు, పంపు, కార్బ్యురేటర్ జెట్టు చూడాలి. రెండవ సందర్భంలో కారు అయితే చోక్ వాడకుండా, ఆక్సిలరేటరు పూర్తిగా తొక్కి కొద్దిసేపు సెల్ఫు కొట్టాలి. చేతక్‌ను ఒక పక్కకు వంచి కిక్కు కొట్టడం జనంలో బాగా ప్రచారంలో ఉన్న చిట్కా. వంచినపుడు కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం మారి ఇంధనం కొంత ఎక్కువగా అందుతుంది; పదేపదే వంచితే ప్లగ్గు తడిసిపోతుంది.

2025 నాటికి దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం వాడుకలోకి వచ్చింది. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలను, వాషర్లను పాడుచేస్తుంది. కనుక పాత బండ్లలో వీటిని తరచుగా పరిశీలించి, అవసరమైతే ఇథనాలుకు తట్టుకొనే రకం వేయించాలి.

పీడనం: పై మూడూ సరిగా ఉన్నా ఇంజను పలుకకపోతే వాల్వులు, పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. దీనిని గేజీతో మెకానిక్కు చేత చూపించుకోవాలి.

జాగ్రత్తలు

* సీతమ్మధారలో కొండ పక్క వీధులు వాలుగా ఉండడం వలన, బండిని కిందికి వదిలి గేరులో స్టార్టు చేయాలనిపిస్తుంది. ఇంజను ఆగి ఉన్నపుడు వాక్యూమ్ బ్రేకుల పెడలు గట్టిపడుతుంది. రద్దీ వీధిలో ఈ పని ప్రమాదకరం.
* 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. అటువంటి తుపానుల తరువాత నీట మునిగిన బండికి సెల్ఫు కొట్టరాదు. నీరు గాలివలె కుదించుకుపోదు. సిలిండరులో నీరు ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.
* మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు, అది ప్రాణాంతకం.
* చార్జి అయ్యే బ్యాటరీ నుండి హైడ్రోజన్ వెలువడుతుంది. దాని దగ్గర అగ్గిపుల్ల వెలిగించరాదు.
* కార్బ్యురేటర్ నోటిలో పెట్రోలు పోసి స్టార్టు చేయడం వలన మంటలు లేచే అవకాశం ఉంది.

నివారణ

పాత వాహనాన్ని వారానికి ఒకసారైనా కొన్ని కిలోమీటర్లు నడపాలి. నెలల తరబడి నిలిపి ఉంచవలసివస్తే బ్యాటరీ తీగ విప్పి, కార్బ్యురేటరులోని పెట్రోలు తీసివేయాలి. శుభ్రపరచిన టెర్మినళ్ళకు పెట్రోలియం జెల్లీ పూస్తే ఉప్పుగాలి వలన కలిగే తుప్పు చాలావరకు తగ్గుతుంది.