నోరు విప్పాల్సిన గంట

తలుపు బాదుతున్నారు.

దుబాయ్‌లో, పేరు తెలియని వీధిలో, ఒక ఫ్లాట్‌లో ఉన్నావు. గదిలో నీతోపాటు మరో ముగ్గురు ఆడవాళ్లు. మీకు కాపలా ఉన్నవాడు అప్పుడే ఎటో జారుకున్నాడు. తలుపు తెరుచుకుంటుంది. యూనిఫారాలు. కళ్లలోకి టార్చి వెలుగు. ఫోన్ లాక్కుంటారు. పాస్‌పోర్ట్ ఏదని అడుగుతారు. విమానం దిగిన రోజే అది ఆ కాపలావాడి చేతికి వెళ్లిపోయింది.

ఏజెంటు నీకు చెప్పింది ఇంటిపని. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాక, మీ వైపు పని కోసం బెంగళూరు రైలెక్కడం ఇంటింటికీ ఉన్నదే. బంగారపేట, కుప్పం మధ్య కామసముద్రం స్టేషన్లో నువ్వూ ఎక్కావు. నీ ప్రయాణం మాత్రం బెంగళూరుతో ఆగలేదు.

పోలీస్ స్టేషన్. ఏసీ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కామసముద్రంలో పెరిగిన నీకు తెలుగు, కన్నడ, అరవం మూడూ వచ్చు. ఇక్కడ మూడూ అక్కరకు రావు. అధికారి ఒక కాగితం ముందుకు జరుపుతాడు. కుడి నుంచి ఎడమకు సాగే రాత. పక్కనే పెన్ను. వేలితో చోటు చూపిస్తున్నాడు.

సంతకం చేస్తే వదిలేస్తారేమో అనిపిస్తుంది.

చేయకు.

డబ్బు కోసం ఇష్టపడే వ్యభిచారానికి వచ్చానని అందులో ఉండొచ్చు. నీకు తెలియదు. తల అడ్డంగా ఊపు. నీ భాష తెలిసిన దుబాసీని అడుగు. ఇంకో మాట అను: "ఇండియన్ కాన్సులేట్." మళ్లీ అను. ఇంకా గట్టిగా.

వాళ్లెందుకు వినాలి? 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ఉంది కాబట్టి. భారత్, యుఏఈ రెండూ అందులో ఉన్నాయి. పట్టుబడ్డ విదేశీయులు కోరితే ఆలస్యం లేకుండా వాళ్ల కాన్సులేట్‌కు కబురు పంపాలి. ఆ హక్కు ఉందని నీకు చెప్పాల్సింది కూడా పోలీసులే. చెప్పకపోయినా నువ్వు అడుగు.

ఇంటికి ఒక ఫోన్ చేయనిస్తారు. అమ్మ గొంతు వణుకుతోంది. "ఊళ్లో ఎవరికీ తెలియనీయొద్దు తల్లీ."

ఇక్కడ ఆగిపోకు. "దాచకమ్మా. అన్నను కాన్సులేట్‌కు ఫోన్ చేయమను. ఏజెంటు పంపిన వాట్సాప్ మెసేజీలు, డబ్బు కట్టిన రసీదు ఒక్కటి కూడా పారేయొద్దు. మన పోలీసులకు వాడి మీద ఫిర్యాదు రాసివ్వమను."

కాన్సులేట్ మనిషి వస్తాడు. నీ తరఫున కోర్టులో వాదించడు. నిన్ను విడిపించే అధికారమూ లేదు. లాయర్ల జాబితా ఇస్తాడు, ఇంటికి కబురు చేరుస్తాడు. చేతిలో పైసా లేదంటావు. అర్హులైన వాళ్ల లాయరు ఖర్చుకు 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి సాయం అడగొచ్చు. దుబాయ్‌లో భారతీయుల కోసం ఉన్న ఉచిత నంబరు 80046342. అన్న కోలారులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ గడప తొక్కొచ్చు, లేదా న్యాయసహాయ నంబరు 15100కు ఫోన్ చేయొచ్చు.

"పనికి వచ్చిన దానివి విజిట్ వీసా ఎందుకు?" అని కాన్సులేట్ మనిషి అడుగుతాడు.

ఇప్పుడు నీకు అర్థమవుతుంది. ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి) ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ తనిఖీ తప్పించుకోవడానికే ఏజెంటు నిన్ను టూరిస్టును చేశాడు. అందుకే నీ దగ్గర ఉద్యోగ ఒప్పందం లేదు. పని కోసమే వచ్చావనడానికి ఇక్కడ సాక్ష్యమూ లేదు. ఉన్నదంతా ఇంట్లో, అన్న ఫోన్లో ఉంది.

పోలీసులు 48 గంటల్లోగా నిన్ను ప్రాసిక్యూషన్ ముందు పెట్టాలి. పొద్దున్నే వ్యాన్ ఎక్కిస్తారు. కాళ్లు తడబడుతున్నాయి. గదిలో బల్ల. బల్ల వెనక అధికారి. పక్కన దుబాసీ.

ఒప్పుకుంటే త్వరగా ఇంటికి పంపేస్తారని పక్క పిల్ల గుసగుసలాడింది. నేరం రుజువైతే ముందు జైలు. ఆ తర్వాతే దేశం నుంచి పంపేయడం. నిన్ను అమ్మినవాడు ఈలోగా కామసముద్రంలో ఇంకో ఇంటి తలుపు తడతాడు.

నువ్వు నిందితురాలివా, బాధితురాలివా? తేల్చేది ఇక్కడే. మోసంతోనో బెదిరింపుతోనో తీసుకున్న సమ్మతి చెల్లదని మనుషుల అక్రమ రవాణాపై 2000 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చెబుతోంది. యుఏఈలో మనుషుల అక్రమ రవాణా మీద 2006లోనే చట్టం వచ్చింది. నువ్వు చెబితేనే అవి నీకు పనికొస్తాయి.

"ఇక్కడికెలా వచ్చావు?"

సిగ్గుపడాల్సింది నువ్వు కాదు. తలెత్తు. దుబాసీ వైపు తిరుగు. ఏజెంటు పేరుతో మొదలుపెట్టు.