ఖతార్ కంచంలోకి తిండి ఎలా వచ్చింది?

శుక్రవారం మధ్యాహ్నం మెస్‌లో కూర్చున్నప్పుడు ఒకసారి కంచంలోకి చూడండి. అన్నం ఇండియాదో పాకిస్తాన్‌దో. కోడి బ్రెజిల్‌లో కోసింది, గడ్డకట్టి ఓడలో వచ్చింది. పప్పు ఏ దేశానిదో బస్తా మీద చదివితే గానీ తెలియదు. పక్కన పెట్టిన కీరా ముక్క, గిన్నెలో పెరుగు మాత్రం ఇక్కడివే అయి ఉండవచ్చు. చలికాలంలో అయితే టమాటా, వంకాయ కూడా. అల్ ఖోర్ వైపో, షహానియా వైపో ఏదో మజ్రాలో పండినవి. ఆ మజ్రాలో తెల్లవారుజామున లేచి వాటిని కోసినవాడు జగిత్యాలవాడో, కామారెడ్డివాడో, కడపవాడో కావచ్చు.

నీళ్ళు లేని ఈ నేల మీద కీరా పండించాలని ప్రభుత్వం ఎందుకు అంత పట్టుబట్టింది? ఆ కథ తెలుసుకోదగ్గది. అందులో మన బియ్యం ఉంది, మన రూపాయి ఉంది, మన చేతులూ ఉన్నాయి.

ఖతార్‌లో నది లేదు, వాగు లేదు, చెరువు లేదు. ఏడాది మొత్తానికి కురిసేది సగటున 80 మిల్లీమీటర్లు. మన నిజామాబాద్‌లో శ్రావణ మాసంలో నాలుగు రోజులు ముసురు పడితే అంత వాన వస్తుంది. ఆ కాస్త వానా ఎక్కడ పల్లం ఉంటే అక్కడ చేరి, కొట్టుకొచ్చిన మెత్తటి మట్టిని వదిలిపెడుతుంది. అలాంటి పల్లాన్ని అరబ్బీలో రౌదా అంటారు. దోహాలో రౌదత్ అల్ ఖైల్ అనే పేరు మీరు వినే ఉంటారు. ఆ పేర్లన్నీ ఒకప్పటి పచ్చిక పల్లాలవి. పాత రోజుల్లో ఈ దేశానికి సాగు అంటే అంతే. పల్లంలో ఒక బావి, నాలుగు ఖర్జూరపు చెట్లు, ఒంటెలకు గడ్డి.

మరి జనం ఏం తిన్నారు? చేపలు, ఖర్జూరాలు, బయటి నుంచి వచ్చిన బియ్యం. ఆ బియ్యం కొనడానికి డబ్బు సముద్రం అడుగు నుంచి వచ్చేది. ఎండాకాలం నాలుగు నెలలు మగవాళ్ళంతా పడవలెక్కి ముత్యాల వేటకు పోయేవారు. ముత్యాలు బొంబాయికి వెళ్ళేవి. బొంబాయి నుంచి బియ్యం, చక్కెర, బట్ట తిరుగు పడవల్లో వచ్చేవి. ఇక్కడ చెలామణి అయిన నాణెం కూడా మన రూపాయే. 1959లో గల్ఫ్ కోసం రిజర్వు బ్యాంకు వేరే రంగు నోట్లు అచ్చు వేసింది. 1966లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించాకే ఖతార్ దాన్ని వదిలిపెట్టింది. ఈరోజు రియాలు రేటు ఎంతుందని రోజూ ఫోన్లో చూసుకునే మనకు ఈ ముచ్చట వింతగానే ఉంటుంది.

ముత్యాల వేటగాడి బతుకు గురించి ఒక మాట చెప్పాలి. సీజనుకు ముందు పడవ యజమాని అతనికి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఇంటిల్లిపాదికీ నాలుగు నెలలకు సరిపడా బియ్యం, ఖర్జూరం ఆ అప్పులోనే వచ్చేవి. వేట బాగా సాగితే అప్పు తీరేది, లేకపోతే వచ్చే ఏటికి మిగిలేది. తండ్రి బాకీ కొడుకు మీదికి వచ్చిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఏజెంటుకు కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి విమానం ఎక్కినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

1920ల చివరికల్లా జపాన్‌వాళ్ళు పెంపుడు ముత్యాలను బజారులోకి దింపారు. దానికి తోడు ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చింది. గల్ఫ్ ముత్యం ధర పడిపోయింది. ముత్యం పోయిందంటే బియ్యం పోయినట్టే. దుఖాన్‌లో 1939-40ల్లో చమురు కనబడింది గానీ యుద్ధం వల్ల పని ఆపేసి బావులు పూడ్చేశారు. ఆ పదేళ్ళూ ఖతార్ కరువు రోజులు చూసింది. ఊళ్ళకు ఊళ్ళే పక్క దేశాలకు వలస పోయాయి. 1908 నాటికి బ్రిటిష్ అధికారి లోరిమర్ లెక్కలో 27 వేల మంది ఉన్న దేశంలో, 1940ల చివరికి 16 వేల మందే మిగిలారని ఒక అంచనా. అంటే వీళ్ళూ ఒకప్పుడు మనలాగే పొట్ట చేత పట్టుకుని పోయినవాళ్ళే. చమురు మొదటి ఓడ 1949లో కదిలింది.

ఆకలి చూసిన ఇంటి పెద్ద, నాలుగు డబ్బులు చేతికి రాగానే గాదె నింపుకోవాలని చూస్తాడు. ఖతార్ ప్రభుత్వమూ అదే చేసింది. 1950ల్లో సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే యంత్రాలు వచ్చాయి. 1960ల్లో వ్యవసాయం మీద దృష్టి పడింది. బోర్లు దిగాయి, ఇంజన్లు వచ్చాయి, ప్రభుత్వం ప్రయోగాల కోసం సొంతంగా ఒక తోట నడిపింది. 1960 నుంచి 1970 మధ్య మజ్రాల సంఖ్య నాలుగింతలై 411కు చేరింది. 1990లో కూరగాయలు 23 వేల టన్నులు, పండ్లు, ఖర్జూరాలు కలిపి 8 వేల టన్నులు, పశువుల మేత 70 వేల టన్నులు, ధాన్యం 3 వేల టన్నులు పండాయి. ధాన్యం ఎంత తక్కువో, గడ్డి ఎంత ఎక్కువో గమనించండి.

భూమి ఉన్న ఖతారీ సాధారణంగా పట్నంలో ప్రభుత్వ ఉద్యోగం చేసేవాడు. మజ్రా చూసుకోవడానికి మొదట్లో ఇరానీలను, పాకిస్తానీలను, ఇతర అరబ్బులను పెట్టుకునేవారు. తర్వాత తర్వాత బెంగాలీ, నేపాలీ, మన తెలుగువాడూ వచ్చారు.

మనవాడు ఎందుకొచ్చాడో కూడా చెప్పుకోవాలి. తెలంగాణ మెట్ట ఊళ్ళలో బావులు ఎండి బోర్లు వచ్చాయి. రెండు వందల అడుగులన్నది నాలుగు వందలైంది, ఆరు వందలైంది. 2004లో ఉచిత కరెంటు వచ్చింది గానీ, మోటారు తిరిగినంత మాత్రాన నీళ్ళు రావు కదా. మూడో బోరు కూడా ఫెయిలయ్యాక అప్పు తీర్చే దారి లేక పాస్‌పోర్టు తీసినవాళ్ళు మన క్యాంపుల్లో గదికి ఒక్కరైనా ఉంటారు. అలా బోరు ఎండి వచ్చిన రైతు ఇక్కడ మజ్రాలో చేరి మళ్ళీ బోరు మోటారే ఆన్ చేశాడు. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. వాన వల్ల భూమిలోకి ఇంకే నీటికి కొన్ని రెట్లు ఎక్కువ తోడేయడం వల్ల మట్టం దిగి, సముద్రపు ఉప్పు లోపలికి వచ్చింది. ఉప్పు పేరుకుని చాలా మజ్రాలు వదిలేశారు కూడా. భూగర్భ జలం విషయంలో నిజామూ షేకూ ఇద్దరూ ఒకటే, అది ఎవరి మాటా వినదు.

అసలు కుదుపు 2007-08లో వచ్చింది. ప్రపంచమంతటా బియ్యం, గోధుమల ధరలు ఎగిరాయి. ఇండియా 2007 అక్టోబరులో బాస్మతి కాని బియ్యం ఎగుమతి మీద ఆంక్షలు పెట్టి, 2008 ఏప్రిల్‌కల్లా పూర్తిగా ఆపేసింది. 2011 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. డబ్బు ఎంత ఉన్నా అమ్మేవాడు అమ్మనంటే ఏం చేస్తారు?

ఇండియాను తప్పుపట్టే ముందు ఒకటి గుర్తు చేసుకోవాలి. అంతకు నలభై ఏళ్ళ ముందు, 1965-66 కరువులో, అమెరికా గోధుమ ఓడ రేవుకు వస్తే గానీ మన రేషన్ షాపు తెరుచుకోని పరిస్థితి. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఆ ఓడలను నెల నెలా లెక్క చూసి వదిలాడు. ఆ అవమానం లోంచే మన హరిత విప్లవం వేగం పుంజుకుంది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు ఐఆర్-8 వరి వేసి, తన పొలంలోనే ఆ విత్తనం పెంచి దేశానికి అందించాడు. ప్రభుత్వం విత్తనం, ఎరువు, కాలువ నీళ్ళు, మద్దతు ధర ఇచ్చింది. నీళ్ళున్న దేశం కాబట్టి అది సాగింది. ఖతార్‌కు డబ్బుంది, నీళ్ళు లేవు.

అందుకే 2008లో ఈ ప్రభుత్వం రెండు పనులు చేసింది. దేశంలో ఎంత పండించగలమో తేల్చడానికి జాతీయ ఆహార భద్రతా కార్యక్రమం పెట్టింది. బయట భూములు కొనడానికి హస్సాద్ ఫుడ్ అనే కంపెనీ పెట్టింది. హస్సాద్ ఆస్ట్రేలియాలో గొర్రెలు, గోధుమల భూములు కొన్నది. కెన్యాలో తానా నది డెల్టాలో 40 వేల హెక్టార్లు తీసుకునే మాట కూడా నడిచింది, అక్కడి రైతులు, పశువుల కాపరులు ఎదురు తిరిగారు, ఆ పని జరగలేదు. నాకు అడిగితే అది జరగకపోవడమే మేలు. ఒకరి నోటి దగ్గరి కూడు తెచ్చి ఇంకొకరి గాదె నింపడం ఎంతకాలం సాగుతుంది?

2017 జూన్ 5, సోమవారం. రంజాన్ నెల. ఆ రోజు ఇక్కడున్నవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు సంబంధాలు తెంచుకున్నాయి. అబూ సమ్రా సరిహద్దు మూతబడింది. దేశానికి వచ్చే తిండిలో దాదాపు 40 శాతం ఆ రోడ్డు మీదే వచ్చేదని అప్పట్లో లెక్క చెప్పారు. సాయంత్రానికి సూపర్ మార్కెట్లలో పాలు, కోడి, బియ్యం అరలు ఖాళీ. రెండు మూడు ట్రాలీలు తోసుకుపోయేవాళ్ళు కొందరైతే, జీతం పడక చేతిలో ఇరవై రియాళ్ళతో బక్కాల ముందు నిలబడ్డవాళ్ళు మనలో ఎందరో.

రెండు మూడు రోజుల్లో టర్కీ నుంచి విమానాల్లో పాలు, పెరుగు వచ్చాయి. ఇరాన్ నుంచి పండ్లు, కూరగాయలు వచ్చాయి. ఒమాన్ రేవుల మీదుగా సరుకు తిరిగింది. మన ముంద్రా, నవా షేవా రేవుల నుంచి హమద్ పోర్టుకు నేరుగా ఓడలు మొదలయ్యాయి. జూలైలో ఇంకో వింత జరిగింది. 165 పాడి ఆవులు విమానం దిగాయి. బలద్‌నా కంపెనీ అల్ ఖోర్ దగ్గర కట్టిన షెడ్లకు అవి చేరాయి. తర్వాత వేల ఆవులు ఓడల్లో వచ్చాయి, ఇప్పుడు 20 వేలకు పైగా ఉన్నాయి. ఎండ 45 డిగ్రీలు దాటినా షెడ్డులో ఫ్యాన్లు, నీటి తుంపరలు ఆగవు. (మన గదిలో ఏసీ చెడిపోతే ఎన్నాళ్ళకు బాగుపడుతుందో అని మాత్రం అడగకండి.) 2019కల్లా ఖతార్ పాలు బయటి దేశాలకు అమ్మింది.

కూరగాయల మీదా డబ్బు పోసింది ప్రభుత్వం. గ్రీన్‌హౌసులు, డ్రిప్పు, మట్టి లేకుండా నీళ్ళలోనే పెంచే పద్ధతి వచ్చాయి. 2018లో హస్సాద్ కిందే మహాసీల్ అనే కంపెనీ పెట్టి రైతు దగ్గర సరుకు కొని అమ్మిపెట్టే ఏర్పాటు చేసింది. 2012 నుంచి నడుస్తున్న అల్ మజ్రూఆ, అల్ ఖోర్, అల్ వక్రా చలికాలపు అంగళ్ళకు గిరాకీ పెరిగింది. దిగ్బంధం 2021 జనవరిలో ఎత్తేసినా ఈ పని ఆపలేదు. 2030 నాటికి కూరగాయల్లో 55 శాతం ఇక్కడే పండించాలన్నది ఇప్పటి లక్ష్యం.

అయితే స్వయం సమృద్ధి అన్న మాటను కాస్త ఆచితూచి వాడాలి. ఆవు ఇక్కడిదే, దాని మేతలో ఎక్కువ భాగం ఓడలో వచ్చేదే. బియ్యం, గోధుమ ఇక్కడ పండించే ప్రయత్నమే లేదు, ఆ తెలివి ఉన్నందుకు మెచ్చుకోవాలి. వాటిని నిల్వ పెట్టుకుంటారు. అందుకని హమద్ పోర్టులో బియ్యం, చక్కెర, నూనె దాచే పెద్ద గిడ్డంగులు కట్టారు. 2023 జూలై 20న ఇండియా మళ్ళీ తెల్ల బియ్యం ఎగుమతి ఆపినప్పుడు అమెరికాలో మన తెలుగువాళ్ళు సోనా మసూరి బస్తాల కోసం క్యూ కట్టారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరు 28న పోయింది. ఓడ మీద బతికే ఏ దేశానికైనా ఆ భయం పూర్తిగా పోదు.

ఇంత కథలో మజ్రా మనిషి లెక్క ఎక్కడ? 2004లో వచ్చిన 14వ నంబరు కార్మిక చట్టం వ్యవసాయం, పశువుల కాపలా పనివాళ్ళను చాలావరకు పక్కన పెట్టింది. పండించిన సరుకును తామే తయారు చేసి అమ్మే సంస్థల్లో ఉన్నవారికి, యంత్రాలు నడిపేవారికి మాత్రం చట్టం వర్తిస్తుంది. అంటే ఒకే కీరా పండిస్తున్నా పెద్ద కంపెనీలో ఉన్నవాడికి ఒక లెక్క, ఎవరి మజ్రాలోనో ఒంటరిగా ఉన్నవాడికి ఇంకో లెక్క. ఆహార భద్రత గురించి ఇన్ని ప్రణాళికలు వేసినవాళ్ళకు ఈ సంగతి కనబడడానికి చాలా కాలం పట్టింది. 2018లో చాలామంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్ తీసేసినప్పుడు కూడా మజ్రావాళ్ళు, ఇంటిపనివాళ్ళు మిగిలిపోయారు. వాళ్ళకది 2020 జనవరిలో వచ్చింది. అదే ఏడాది ఎన్ఓసీ లేకుండా ఉద్యోగం మారే వీలు కలిగింది.

కనీస వేతనం మాత్రం అందరికీ ఒకేసారి వచ్చింది. 2021 మార్చి 20 నుంచి ఏ రంగంలో ఉన్నా, ఏ దేశంవాడైనా నెలకు 1000 రియాళ్ళు. యజమాని వసతి ఇవ్వకపోతే ఇంకో 500, తిండి పెట్టకపోతే ఇంకో 300. మజ్రాలో కోసిన కూరగాయలు వండుకోనిచ్చి దాన్నే తిండి ఖర్చు కింద చూపించేవాళ్ళు ఉంటారని మనవాళ్ళు చెబుతుంటారు. కొత్తగా మజ్రా వీసా మీద ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే, ఈ మూడు అంకెలూ కాంట్రాక్టులో ఎలా రాశారో చదివించుకున్నాకే సంతకం పెట్టమని ఫోన్ చేసి చెప్పండి.