పావ్లోవ్ కుక్క ఏం విన్నది?

కొన్నేళ్ళ కిందట ఒక సాహిత్య సభలో వ్యాపార సినిమాల గురించి మాట్లాడుతూ నేను మన ప్రేక్షకుల్ని పావ్లోవ్ కుక్కలతో పోల్చాను. గంట కొడితే చొంగ కార్చే కుక్కలాగా, డప్పు మోగగానే ఈల వేసే ప్రేక్షకుణ్ణి ఈ పరిశ్రమ తయారుచేసిందన్నాను. సభ చప్పట్లు కొట్టింది. సభ ముగిశాక, సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "ఆ కుక్క అన్ని చప్పుళ్ళకూ చొంగ కార్చిందాండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "ఒకసారి చదివి చూడండి. అది మనం అనుకున్నంత తెలివితక్కువది కాదు" అని నవ్వి వెళ్ళిపోయారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మాస్కో విదేశీ భాషల ప్రచురణాలయం 1955లో ఇంగ్లీషులో వేసిన పావ్లోవ్ రచనల సంపుటం నా పాత పుస్తకాల్లో ఉంది. 1927లో ఇంగ్లీషులోకి వచ్చిన ఆయన ఉపన్యాసాలు కూడా సంపాదించి చదివాను. పావ్లోవ్ పేరును ఆయుధంగా వాడుకున్నవాళ్ళలో చాలామందిమి, నాతో సహా, ఆయనను చదవకుండానే వాడుకున్నామని అర్థమైంది. ఆ తప్పు దిద్దుకునే ప్రయత్నం ఈ వ్యాసం.

ముందు వాస్తవాలు చూద్దాం. ఇవాన్ పెత్రోవిచ్ పావ్లోవ్ 1849లో ర్యాజాన్ పట్టణంలో ఒక చర్చి పూజారి ఇంట పుట్టాడు. జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ పరిశోధనలోనే ఒక చిక్కు ఎదురైంది. తిండి నోట్లో పడకముందే, దాన్ని చూసినా, పెట్టే మనిషి కనిపించినా కుక్కకు లాలాజలం ఊరుతున్నది. కుక్క మనసులో ఏముందో ఊహించడం శాస్త్రం కాదనీ, బయటినుంచి కొలవగలిగినదాన్నే కొలవాలనీ పావ్లోవ్ నిశ్చయించుకున్నాడు. చిన్న శస్త్రచికిత్స చేసి లాలాజల నాళం కొసను చెంప బయటికి తెచ్చి కుట్టేవారు. ఇక ఊరిన ప్రతి చుక్కనూ లెక్కపెట్టవచ్చు. ఆత్మ గురించిన వాదాలు తరతరాలుగా సాగిన చోటికి చుక్కల లెక్క వచ్చింది. భౌతికవాదులుగా మనం పావ్లోవ్‌ను సొంతం చేసుకున్నది ఇందుకే. ఆ మేరకు మనం చేసింది సరైన పనే.

మరి గంట సంగతేమిటి? ఆ ప్రయోగశాలలో గంట లేకపోలేదు. కాని ఎక్కువగా వాడినవి వేరు. సంగీతం నేర్చుకునేవాళ్ళు లయ తప్పకుండా ఎదురుగా పెట్టుకునే మెట్రోనోమ్, ఈలలు, ట్యూనింగ్ ఫోర్కులు, బజరు, నీళ్ళలో బుడగల చప్పుడు. ఎందుకంటే పావ్లోవ్‌కు కావలసింది కేవలం చప్పుడు కాదు, చప్పుడుకూ చప్పుడుకూ మధ్య ఉన్న తేడా. 1907లో జెల్యోనీ అనే ఆయన శిష్యుడు శబ్దాలకు కుక్క ఎలా ప్రతిస్పందిస్తుందన్న విషయం మీదనే సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. దాదాపు అదే కాలంలో బెర్లిన్‌లో కలిషర్ అనే పరిశోధకుడు, ఒక స్వరం మోగినప్పుడు మాత్రమే మాంసం అందుకునేలా కుక్కలకు శిక్షణ ఇచ్చాడు.

ఈ శిక్షణ ఎలా జరిగేది? ఒక స్వరం మోగించి తిండి పెడతారు. కొన్నాళ్ళకు తిండి లేకుండా ఆ స్వరం వినిపించినా చుక్కలు పడతాయి. మనకు తెలిసిన కథ ఇక్కడితో ఆగిపోతుంది. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఆ దశలో కుక్క ఆ స్వరానికే కాదు, దాని పక్కనున్న స్వరాలకు కూడా లాలాజలం కారుస్తుంది. అంటే విన్నది గాని, ఇంకా వేరు చేసి వినలేదు. మరి వేరు చేసి వినడం ఎలా వస్తుంది? అదే స్వరాన్ని మళ్ళీ మళ్ళీ వినిపిస్తూ, తిండి పెడుతూ పోతే వస్తుందని ఎవరైనా అనుకుంటారు. పావ్లోవ్ శిష్యులు అదీ చేసి చూశారు. వెయ్యిసార్లకు పైగా వినిపించినా పూర్తి విచక్షణ రాలేదు. తిండితో వచ్చే స్వరం పక్కన, తిండి లేకుండా వచ్చే మరో స్వరాన్ని నిలబెట్టినప్పుడే వచ్చింది. ఒకే మాటను వెయ్యిసార్లు చెబితే విచక్షణ రాదు, ఎదురుగా రెండోది ఉంటేనే వస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఆ రోజు సభలో నేను అలా మాట్లాడి ఉండేవాణ్ణి కాదు.

ఆ విచక్షణ ఎంతదాకా పోయిందో చూడండి. నిమిషానికి 100 సార్లు కొట్టే మెట్రోనోమ్‌ను 96 సార్లు కొట్టేదాని నుంచి కుక్క వేరు చేసింది. మనలో ఎంతమందిమి చెప్పగలం? పూర్తి స్వరాంతరంలో ఎనిమిదో వంతు తేడాను కూడా పట్టుకుంది. నాలుగు స్వరాలను ఆరోహణలో వినిపిస్తే తిండి ఉంది, అవే అవరోహణలో వినిపిస్తే లేదు. అదీ నేర్చుకుంది. నాలుగు స్వరాలను 24 రకాలుగా పేర్చవచ్చు. మిగతా 22 వరుసలనూ వినిపించి చూస్తే, ఎక్కేది ఎక్కువ ఉన్నవాటిని ఒకవైపు, దిగేది ఎక్కువ ఉన్నవాటిని మరొకవైపు కుక్క విడగొట్టింది. ఇవానోవ్ స్మొలెన్‌స్కీ అనే శిష్యుడి ప్రయోగం ఇంకా కష్టమైనది. బుస్సుమనే శబ్దం, హెచ్చు స్వరం, తగ్గు స్వరం, చివర గంట - ఈ వరుసకు తిండి పెట్టేవాడు. మధ్యనున్న రెండు స్వరాలూ తారుమారైతే పెట్టేవాడు కాదు. ఆదీ అంతమూ ఒకటే. మధ్యలో జరిగిన మార్పును పట్టుకోవాలి. చాలా శ్రమ మీద కుక్క పట్టుకుంది. ఆయన పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంకొక విషయం. 96 దెబ్బలకు చుక్క పడలేదంటే కుక్క ఊరికే ఉందని కాదు. ఆ మౌనం కూడా మెదడు చేసే పనేనని పావ్లోవ్ చెప్పాడు. దాన్ని ఆయన నిరోధం అన్నాడు. ఉద్రేకం కన్నా నిరోధం సున్నితమైనది. బయట ఎవరో నడిచినా, తలుపు చప్పుడైనా నిరోధం చెదిరి, కారకూడని చోట లాలాజలం కారేది. ఇందుకోసమే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ప్రయోగ వైద్య సంస్థలో ప్రత్యేకంగా ఒక భవనం కట్టించాడు. చుట్టూ కందకం, శబ్దం చొరని గదులు, కుక్క ఒక గదిలో, పరిశోధకుడు పక్క గదిలో. దాన్ని 'నిశ్శబ్ద గోపురం' అన్నారు. మాస్కో వ్యాపారి లెదెంత్సోవ్ ఆస్తితో ఏర్పడిన సంఘం డబ్బిచ్చింది. 1910 ప్రాంతంలో పని మొదలైంది. యుద్ధమూ అంతర్యుద్ధమూ అడ్డుపడి, పూర్తయ్యేసరికి సోవియట్ కాలం వచ్చింది.

విచక్షణకు హద్దు కూడా ఉంది. షెంగెర్ క్రెస్తోవ్‌నికోవా అనే పరిశోధకురాలు శబ్దాలతో కాక ఆకారాలతో ఈ హద్దును చూపించింది. వృత్తానికి తిండి, దీర్ఘవృత్తానికి లేదు. దీర్ఘవృత్తాన్ని క్రమంగా వృత్తానికి దగ్గర చేస్తూ పోయింది. అక్షాల నిష్పత్తి 9:8 దగ్గరికి వచ్చాక మూడు వారాలు ప్రయత్నించినా ఫలితం లేకపోగా, అంతకుముందు వచ్చిన విచక్షణ కూడా పోయింది. నెమ్మదిగా నిలబడే కుక్క అరిచింది, గింజుకుంది, ఒంటికి కట్టిన పరికరాలను కొరికి తెంపింది. శాస్త్రం కోసం ఆ జంతువు చెల్లించిన మూల్యాన్ని మనం మరవకూడదు. తేడా తెలియనివ్వకుండా, తెలిసి తీరాలని ఒత్తిడి పెడితే ప్రాణి విరిగిపోతుందన్నదీ మరవకూడదు.

ఇక చరిత్ర. అంతర్యుద్ధం నాటి కరువులో మనుషులకే రొట్టె లేదు. ప్రయోగశాల కుక్కలు ఆకలితో చచ్చిపోయాయి. 1921 జనవరి 24న లెనిన్ సంతకంతో ఒక ఉత్తర్వు వెలువడింది. పావ్లోవ్ పరిశోధనకు మంచి పరిస్థితులు కల్పించడానికి ఒక సంఘాన్ని వేశారు. అందులో గోర్కీ సభ్యుడు. 1926లో పుదోవ్‌కిన్ ఈ ప్రయోగాల మీద ఒక చిత్రం తీశాడు. గోర్కీ 'అమ్మ' నవలను తెరకెక్కించిందీ అతనే, ఆ సంవత్సరమే.

అలాగని పావ్లోవ్ కొత్త ప్రభుత్వానికి తలూపే మనిషి కాదు. పూజారుల పిల్లల్ని విద్యాలయాల నుంచి తొలగిస్తుంటే, నేనూ పూజారి కొడుకునేనని 1924లో సైనిక వైద్య అకాడమీ నుంచి తప్పుకున్నాడు. 1934 చివర అరెస్టుల మీద ప్రభుత్వానికి కటువుగా ఉత్తరం రాశాడు. 1935 అంతర్జాతీయ మహాసభలో అదే ప్రభుత్వం సైన్సుకు ఇస్తున్న తోడ్పాటును మెచ్చుకున్నాడు. రెండూ ఆయన మాటలే. 1936 ఫిబ్రవరిలో చనిపోయాడు.

అసలు విషాదం ఆయన పోయాక జరిగింది. 1950 జూన్ 28 నుంచి జూలై 4 వరకు మాస్కోలో 'పావ్లోవ్ సమావేశం' జరిగింది. పావ్లోవ్ బోధనను తుచ తప్పకుండా పాటించనివారిని నిలదీయడమే దాని పని. పావ్లోవ్ వారసుడిగా పేరున్న ఓర్బేలీ పదవులు పోయాయి. అనోఖిన్‌ను మాస్కో నుంచి పంపించివేశారు. ఎక్కడికో కాదు, పావ్లోవ్ పుట్టిన ర్యాజాన్‌కే. జార్జియాకు చెందిన బెరితాష్విలీ కూడా నిందకు గురయ్యాడు. ఆ సమావేశంలో ప్రధాన నివేదికలు రెండు. ఒకటి బీకోవ్‌ది. రెండోది ఇవానోవ్ స్మొలెన్‌స్కీది. నాలుగు శబ్దాల మధ్య రెండు తారుమారైతే కనిపెట్టగలిగేలా కుక్కకు నేర్పిన మనిషే, శాస్త్రవేత్తలకు ఒకే ఒక్క స్వరం వినిపించాలని పట్టుబట్టాడు. 1953లో స్టాలిన్ మరణించాక పరిస్థితి నెమ్మదిగా మారింది. అప్పటికి విలువైన కాలం వృథా అయింది.

ఇది శత్రువులు చెప్పే కథ కదా, మనమెందుకు చెప్పుకోవాలని మిత్రులు అడగవచ్చు. శత్రువులు పావ్లోవ్‌ను కాదనడానికి చెబుతారు. మనం పావ్లోవ్ కోసమే చెప్పుకోవాలి. ఆయన వాడిన రష్యన్ మాటకు అసలు అర్థం 'షరతుకు లోబడినది' అని. ఇంగ్లీషు అనువాదంలో అది 'షరతు విధించబడినది' అయింది. అక్కడినుంచే మనకు 'నిబంధిత' వచ్చింది. నిబంధితం అనగానే కట్టిపడేసినట్టు వినిపిస్తుంది. షరతు మారితే ప్రతిచర్యా మారుతుంది. తిండి ఆగిపోతే చుక్కలూ ఆగిపోతాయి. అంటే మారడమే దాని లక్షణం. పైగా మనిషి విషయంలో కుక్కకు లేని రెండో సంకేత వ్యవస్థ ఉందనీ, అది భాష అనీ పావ్లోవ్ తన చివరి సంవత్సరాల్లో స్పష్టంగా చెప్పాడు. ప్రజల్ని కుక్కతో పోల్చడానికి ఆయన రచనల్లో నాకు ఆధారం దొరకలేదు.

ఆ పోలిక నాకు ఎందుకు అంత సులువుగా వచ్చింది? ప్రజలు మా మాట వినడం లేదన్న అసహనం వల్ల. తప్పు వినేవాడి మీదికి నెట్టేశాను. కాని ఒక సినిమాకు ఈల వేసిన ప్రేక్షకుడే, అదే డప్పుతో వచ్చిన మరో సినిమాను మొదటి వారంలోనే ఖాళీ కుర్చీలకు వదిలేస్తున్నాడు. అతను వేరు చేసి వింటూనే ఉన్నాడు. అతని ముందు రెండో స్వరం పెట్టవలసిన వాళ్ళం మనం. పెట్టామా? మన పత్రికల్లో, మన సభల్లో ఒకే మాటను వెయ్యోసారి వినిపించి చైతన్యం రాలేదని వాపోయాం. మనలోనే భిన్నంగా పలికిన గొంతును, అది శ్రుతి తప్పిందా లేక మనం వినవలసిన స్వరమా అని చూడకుండానే, బయటికి పంపిన సందర్భాలూ ఉన్నాయి.

ఆ మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన ప్రశ్నకు జవాబు 'లేదు' అని. అన్ని చప్పుళ్ళకూ ఆ కుక్క చొంగ కార్చలేదు. ఆ రోజు సభలో ప్రేక్షకుల గురించి నేనన్న మాటను ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను.