ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్స్: ప్రిడిక్షన్స్ ఎందుకు బోల్తా కొడతాయ్? ఫ్యాన్స్ ఏళ్ల తరబడి కొట్టుకునేది దేని గురించి?

జనవరి వచ్చిందంటే అమెరికాలో ఒకటే గోల. ఆఫీసులో, బార్‌లో, రేడియోలో, ఫోన్లో... ఈసారి ఎవరు గెలుస్తారు? నెంబర్ వన్ జట్టు నిలబడుతుందా, ఇంటికెళ్తుందా? రిఫరీలు మళ్లీ ఎవరికి అన్యాయం చేస్తారు? ఇదంతా ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్స్ హడావుడి. డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో ఉన్న మనవాళ్ల వాట్సాప్ స్టేటస్‌ల్లో కూడా ఈ సీజన్‌లో హెల్మెట్లు, జెర్సీలే కనిపిస్తుంటాయి. మరి అసలు ఈ ప్లేఆఫ్స్ కథేంటి? ఎందుకింత రచ్చ?

ముందే ఓ మాట. ఇది మనం చూసే మెస్సీ, రొనాల్డోల ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరిగెడుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. అవతలి చివరకి బంతి చేరిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. అంత దూరం వెళ్లలేకపోతే గోల్‌పోస్టుల మధ్యలోంచి తన్నాలి. అది ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. ప్రస్తుతానికి ఇంత తెలిస్తే చాలు.

ఐపీఎల్‌లా రెండో ఛాన్స్ ఉండదు

లీగ్‌లో మొత్తం 32 జట్లు. ఏఎఫ్‌సీ, ఎన్‌ఎఫ్‌సీ అని రెండు కాన్ఫరెన్సులు, ఒక్కోదాంట్లో 16. ఒక్కో కాన్ఫరెన్సులో నాలుగేసి జట్లతో నాలుగు డివిజన్లు. సీజన్‌లో ప్రతి జట్టు 17 మ్యాచ్‌లు ఆడుతుంది. ఆ తర్వాత ఒక్కో కాన్ఫరెన్సు నుంచి ఏడేసి జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. డివిజన్ గెలిచిన నాలుగు జట్లకి 1 నుంచి 4 ర్యాంకులు (అక్కడ సీడ్ అంటారు), మిగతా వాటిలో బాగా ఆడిన మూడింటికి 5, 6, 7. ఈ మూడే వైల్డ్ కార్డ్ జట్లు. 2020కి ముందు ఆరేసి జట్లే వెళ్లేవి, తర్వాత ఏడు చేశారు.

నెంబర్ వన్ సీడ్‌కి మొదటి వారం రెస్ట్. రెండో సీడ్ ఏడుతో, మూడు ఆరుతో, నాలుగు ఐదుతో తలపడతాయి. పై సీడ్ ఉన్న జట్టు ఊళ్లోనే మ్యాచ్. రెండో రౌండ్‌లో మిగిలినవాటిలో అన్నిటికంటే కింది సీడ్ వెళ్లి నెంబర్ వన్‌ని ఢీకొట్టాలి. అక్కడి నుంచి కాన్ఫరెన్సు ఫైనల్, ఆపై రెండు కాన్ఫరెన్సుల విజేతల మధ్య సూపర్ బౌల్.

ఐపీఎల్‌లో టాప్ టూలో ఉంటే క్వాలిఫయర్ ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది. ఇక్కడ అదేం లేదు. ఒక్క మ్యాచ్ పోతే సీజన్ మొత్తం గోవిందా. ప్రిడిక్షన్లు తారుమారు కావడానికి మొదటి కారణం ఇదే. బాస్కెట్‌బాల్ ఎన్‌బీఏలో ఒక సిరీస్ అంటే ఏడు మ్యాచ్‌ల్లో నాలుగు గెలవాలి, కాబట్టి బలమైన జట్టుకి కోలుకునే టైమ్ ఉంటుంది. ఒక్క మ్యాచ్‌లో మాత్రం ఒక జారిన బంతి, ఒక గాయం, ఒక గాలి విసురు చాలు.

అదే ఒక్క శనివారం...

2022 జనవరి 22. ఏఎఫ్‌సీ నెంబర్ వన్ టెనెస్సీ టైటన్స్, ఎన్‌ఎఫ్‌సీ నెంబర్ వన్ గ్రీన్ బే ప్యాకర్స్. రెండూ సొంత గడ్డపై, రెస్ట్ తీసుకుని మరీ దిగాయి. రెండూ అదే రోజు ఓడిపోయాయి. టైటన్స్ 16–19తో సిన్సినాటి చేతిలో, ప్యాకర్స్ 10–13తో శాన్ ఫ్రాన్సిస్కో చేతిలో. రెండు మ్యాచ్‌లూ ఆఖరి కిక్‌తోనే తేలాయి. మర్నాడు టామ్ బ్రేడీ ఆడుతున్న టాంపా బే కూడా లాస్ ఏంజిలిస్ రామ్స్ ఆఖరి కిక్‌కి 27–30తో బలి. అంటే మూడుకి మూడు మ్యాచ్‌ల్లో సొంతూరి జట్టే ఇంటికెళ్లింది.

ఇలాంటివి బోలెడు. 2024 సీజన్‌లో 15 గెలిచి రెండే ఓడిన డెట్రాయిట్ లయన్స్, రెండో రౌండ్‌లోనే వాషింగ్టన్ కమాండర్స్ చేతిలో 31–45తో చిత్తయింది. అంతకు ముందు ఏడాది సొంత మైదానంలో వరసగా 16 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన డల్లాస్ కౌబాయ్స్‌కి ఏడో సీడ్ గ్రీన్ బే 48–32తో షాకిచ్చింది. ప్లేఆఫ్ మ్యాచ్ గెలిచిన మొదటి ఏడో సీడ్ అదే. డల్లాస్‌లో ఉండే మన తెలుగు ఫ్యాన్స్‌ని ఆ రోజు గురించి కదపకపోవడమే మంచిది. కౌబాయ్స్ సూపర్ బౌల్ ఆడి గెలిచింది 1996 జనవరిలో. ఆ తర్వాత కాన్ఫరెన్సు ఫైనల్ వరకు కూడా రాలేదు. అయినా ప్రతి ఏటా 'ఈసారి మనదే' అనే మాట మాత్రం ఆగదు!

అన్నిటికీ అమ్మమొగుడు లాంటిది 2008 ఫిబ్రవరి 3 సూపర్ బౌల్. న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ అప్పటికి 18కి 18 గెలిచి వచ్చింది. పందెం లెక్కల్లో 12 పాయింట్ల ఫేవరెట్. వైల్డ్ కార్డ్‌గా వచ్చిన న్యూయార్క్ జెయింట్స్ 17–14తో ఆ రికార్డుని మట్టి కరిపించింది.

'మైనస్ 3' అంటే ఏంటి?

ఫ్యాన్స్ వాదనల్లో ఎక్కువగా వినిపించే మాట పాయింట్ స్ప్రెడ్. ఒక జట్టు పక్కన 'మైనస్ 3' అని ఉంటే, అది 3 పాయింట్ల ఫేవరెట్ అని అర్థం. దానిమీద పందెం కాసినవాడికి డబ్బు రావాలంటే ఆ జట్టు గెలిస్తే సరిపోదు, 3 కంటే ఎక్కువ తేడాతో గెలవాలి. సరిగ్గా 3తోనే గెలిస్తే పందెం డబ్బు వెనక్కి. అందుకే మ్యాచ్ ఎవరు గెలిచారో తేలిపోయాక కూడా ఆఖరి నిమిషంలో వచ్చిన పనికిరాని టచ్‌డౌన్‌కి కొందరు గుండెలు బాదుకుంటుంటారు.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఈ అంకెని జోస్యం అనుకోకూడదు. పందేలు ఒకే వైపు పోటెత్తితే అంకె మారుతుంది, క్వార్టర్‌బ్యాక్‌కి గాయమైతే మారుతుంది, మంచు తుపాను వస్తుందని తెలిసినా మారుతుంది. జనం నమ్మకానికి, డబ్బుకి మధ్య కుదిరిన బేరం అనుకోవచ్చు. 1969లో న్యూయార్క్ జెట్స్‌ని 18 పాయింట్ల వెనక ఉంచారు. మ్యాచ్‌కి మూడు రోజుల ముందు వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జో నమత్ 'గెలుపు మాదే, గ్యారంటీ' అని బహిరంగంగా ప్రకటించాడు. అందరూ నవ్వారు. జెట్స్ 16–7తో గెలిచింది. అప్పట్నుంచి ప్రతి ప్లేఆఫ్స్‌లోనూ ఎవడో ఒకడు గ్యారంటీ ఇస్తూనే ఉన్నాడు. ఓడిపోయిన గ్యారంటీలని మాత్రం ఎవరూ గుర్తు పెట్టుకోరు, అదే చిక్కు.

బఫెలో బాధ

ప్లేఆఫ్ చర్చల్లో అందరికంటే ఎక్కువ నలిగిపోయేది బఫెలో బిల్స్ అభిమానులే. 1991 నుంచి 1994 వరకు వరసగా నాలుగు సూపర్ బౌల్స్ ఆడి నాలుగూ ఓడిన జట్టు అది. మొదటిదైతే మరీ ఘోరం. ఆఖర్లో స్కాట్ నార్వుడ్ 47 గజాల కిక్ కుడివైపుకి వెళ్లిపోయింది, 19–20తో కథ ముగిసింది. 'వైడ్ రైట్' అన్న రెండు మాటలు బఫెలోలో ఇప్పటికీ తిట్టుతో సమానం. 2024 జనవరిలో కాన్సస్ సిటీతో మ్యాచ్‌లో టైలర్ బాస్ కొట్టిన సమం చేసే కిక్ కూడా కుడివైపుకే పోయింది. 24–27.

అయితే వాళ్లని ఎక్కువగా వెంటాడేది '13 సెకన్లు'. 2022 జనవరి 23, కాన్సస్ సిటీ. ఆటలో మిగిలింది 13 సెకన్లు, బిల్స్ 36–33 ఆధిక్యం. ఇక గెలిచినట్టే అనుకున్నారు. ప్యాట్రిక్ మహోమ్స్ రెండే రెండు పాసులతో 44 గజాలు దాటించాడు, హారిసన్ బట్కర్ 49 గజాల కిక్‌తో స్కోర్ సమం చేశాడు. ఓవర్‌టైమ్. టాస్‌లో బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జోష్ అలెన్ 'టెయిల్స్' అన్నాడు, హెడ్స్ పడింది. అప్పటి రూల్ ప్రకారం మొదట బంతి దక్కిన జట్టు టచ్‌డౌన్ చేస్తే అక్కడితో ఆట ఖతం. చీఫ్స్ చేసేసింది. 42–36. ఆ రాత్రి అద్భుతంగా ఆడిన అలెన్ చేతికి ఓవర్‌టైమ్‌లో ఒక్కసారి కూడా బంతి రాలేదు.

టాస్ మీద సీజన్ తేల్చడం న్యాయమా? దేశమంతా ఇదే చర్చ. 'డిఫెన్స్ కూడా ఆటలో భాగమేగా, ఆపుకోవాల్సింది' అని ఒక వర్గం. 'ఐపీఎల్ సూపర్ ఓవర్‌లో ఒక్క జట్టే బ్యాటింగ్ చేసి గెలిచినట్టుంది' అని మనవాళ్లు. తమాషా ఏంటంటే, వారం తిరక్కుండానే అదే చీఫ్స్ మళ్లీ ఓవర్‌టైమ్ టాస్ గెలిచి, సిన్సినాటి చేతిలో 24–27తో ఓడిపోయింది. అయినా లెక్క లెక్కే. 2010 రూల్ వచ్చాక ఈ మ్యాచ్ వరకు 12 ప్లేఆఫ్ ఓవర్‌టైమ్‌ల్లో టాస్ గెలిచినవాళ్లే 10 నెగ్గారు. 2022 మార్చిలో లీగ్ దిగొచ్చింది. ప్లేఆఫ్స్ ఓవర్‌టైమ్‌లో రెండు జట్లకీ ఒక్కసారైనా బంతి దక్కాలని రూల్ మార్చింది. ఫ్యాన్స్ ఆగ్రహం నిజంగా ఆటని మార్చిన సందర్భాల్లో ఇదొకటి.

మరి కొత్త రూల్ మొదట పనిచేసింది ఎప్పుడు? 2024 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో. అక్కడ ఇంకో ట్విస్ట్. టాస్ గెలిచిన శాన్ ఫ్రాన్సిస్కో బంతి ముందే తీసుకుంది, 3 పాయింట్లు చేసింది. ఎంత కావాలో తెలిసిన చీఫ్స్ టచ్‌డౌన్ కొట్టి 25–22తో కప్పు ఎగరేసుకుపోయింది. కొత్త రూల్ సంగతి తమకు తెలియదని శాన్ ఫ్రాన్సిస్కో ఆటగాళ్లు కొందరు మ్యాచ్ తర్వాత చెప్పారు. అంతే, ఇంకో చర్చ మొదలు: ముందు తీసుకోవాలా, తర్వాతా?

రిఫరీ రచ్చ

2019 జనవరి 20న న్యూ ఆర్లియన్స్‌లో రామ్స్ ఆటగాడు ఒకడు బంతి రాకముందే సెయింట్స్ రిసీవర్‌ని గుద్దేశాడు. స్టేడియం మొత్తానికి కనపడింది, రిఫరీలకి తప్ప. సెయింట్స్ ఓవర్‌టైమ్‌లో 23–26తో ఓడింది. అభిమానులు కోర్టు మెట్లు కూడా ఎక్కారు. లీగ్ మరుసటి సీజన్‌కి అలాంటి ఫౌల్స్‌ని రివ్యూ చేసేలా రూల్ తెచ్చింది, అది గందరగోళంగా మారడంతో ఏడాదికే ఎత్తేసింది. 2015లో డల్లాస్ ఆటగాడు డెజ్ బ్రయంట్ పట్టిన బంతిని రివ్యూలో 'క్యాచ్ కాదు' అనడం అలాంటిదే. క్యాచ్ అంటే ఏంటో లీగ్ మళ్లీ రాసుకోడానికి 2018 దాకా పట్టింది.

ఇక 'రిఫరీలు చీఫ్స్ పక్షం' అనే ఆరోపణ. 2025 జనవరి కాన్ఫరెన్సు ఫైనల్లో నాలుగో క్వార్టర్ మొదట్లో అలెన్ బంతితో ముందుకు తోసుకెళ్లాడు. అంగుళాల దూరం. గీత దాటాడా లేదా అన్నదానిపై ఇద్దరు అఫీషియల్స్ చెరో చోట నిలబడ్డారు, చివరికి దాటలేదన్నారు. బిల్స్ 29–32తో ఓడింది. ప్లేఆఫ్స్‌లో మహోమ్స్‌పై అలెన్‌కి అది నాలుగో ఓటమి. కుట్ర సిద్ధాంతాన్ని లీగ్ కమిషనర్ రోజర్ గూడెల్ కొట్టిపారేశారు. రెండు వారాలకే సూపర్ బౌల్‌లో ఈగిల్స్ అదే చీఫ్స్‌ని 40–22తో ఊడ్చేసింది. కుట్రే అయితే అంత ఘోరంగా ఎలా ఓడతారన్నది సమాధానం లేని ప్రశ్న.

14 గెలిచినా బయటి ఊరికే!

ఇంకో పాత గొడవ సీడింగ్. డివిజన్ గెలిస్తే చాలు, రికార్డు ఎలా ఉన్నా సొంతూళ్లో మ్యాచ్ దక్కుతుంది. 2010 సీజన్‌లో 7 గెలిచి 9 ఓడిన సియాటెల్ ఇలాగే సొంత మైదానంలో, అంతకుముందు ఏటి ఛాంపియన్ న్యూ ఆర్లియన్స్‌ని 41–36తో ఓడించింది. ఆ మ్యాచ్‌లో మార్షాన్ లించ్ 67 గజాల పరుగుకి జనం గెంతిన గెంతులు భూకంప యంత్రాల్లో నమోదయ్యాయి.

2024 సీజన్‌లో 14 గెలిచిన మిన్నెసోటా ఐదో సీడే అయింది, ఎందుకంటే అదే డివిజన్‌లో డెట్రాయిట్ 15 గెలిచింది. దాంతో 10 మాత్రమే గెలిచిన రామ్స్‌తో వాళ్ల 'సొంత' మ్యాచ్‌గా ఆడాల్సి వచ్చింది. లాస్ ఏంజిలిస్ కార్చిచ్చుల వల్ల ఆ మ్యాచ్‌ని అరిజోనాకి మార్చారు. రామ్స్ 27–9తో గెలిచింది. సీడింగ్ గెలుపుల లెక్కనే ఇవ్వాలని డెట్రాయిట్ యాజమాన్యం ప్రతిపాదించింది కానీ 2025లో వెనక్కి తీసుకుంది. డివిజన్ గెలుపుకి విలువ పోతే పక్కూరి పోరులో మజా ఏం ఉంటుందన్నది అవతలి వాదన. అందులోనూ పాయింట్ ఉంది.

ఇండియాలో చూసేవాళ్లకి

అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం ఒంటిగంట మ్యాచ్ అంటే మనకి రాత్రి 11:30. సాయంత్రం 4:30 మ్యాచ్ అయితే తెల్లవారుజామున 3 గంటలకి. రాత్రి 8:15 మ్యాచ్ మర్నాడు ఉదయం 6:45కి. సూపర్ బౌల్ మన లెక్కలో సోమవారం ఉదయం 5 గంటలకి మొదలవుతుంది. ప్రిడిక్షన్ వీడియోల్లో పందెం యాప్‌ల యాడ్స్ కనిపిస్తే మాత్రం జాగ్రత్త. అమెరికాలో 2018 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత చాలా రాష్ట్రాల్లో అది చట్టబద్ధం. మన దగ్గర తెలంగాణ 2017లో, ఏపీ 2020లో ఆన్‌లైన్ పందేలపై నిషేధం తెచ్చాయి, 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌పై కేంద్ర చట్టం కూడా వచ్చింది. ఫ్రెండ్స్‌తో బిర్యానీ పందెం వరకు ఓకే.