దూరవిద్యలో పిహెచ్.డి.: 2009 జూలై 11కు ముందు, ఆ తరువాత

ఉద్యోగం వదలకుండా డాక్టరేట్ చేయాలనుకునే కళాశాల అధ్యాపకులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: దూరవిద్యలో పేరున్న పిహెచ్.డి. ఎక్కడ దొరుకుతుంది? నేటి భారతదేశంలో ఈ ప్రశ్నకు జవాబుగా ఏ విశ్వవిద్యాలయం పేరూ చెప్పలేం. అందుకు కారణం చరిత్రలో ఉంది.

తెలుగునేలకు దూరవిద్య కొత్త కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులను ఆరంభించింది. 1982లో హైదరాబాదులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి ఆ తరువాత ఇగ్నోకూ తొలి ఉపకులపతి అయ్యారు. ముద్రిత పాఠాలు, అధ్యయన కేంద్రాలు, సెలవురోజు తరగతులు అనే ఈ అమరిక డిగ్రీ చదువుకు చక్కగా సరిపోయింది. పరిశోధనకు మాత్రం సరిపడలేదు. పాఠాన్ని ముందుగా అచ్చువేసి పంపవచ్చు. అధ్యాయం చదివాక పర్యవేక్షకుడు వేయవలసిన ప్రశ్నను ముందుగా అచ్చువేయడం సాధ్యం కాదు కదా!

2009 జూలై 11న అమలులోకి వచ్చిన యు.జి.సి. నిబంధనలు ఎం.ఫిల్., పిహెచ్.డి.లను దూరవిద్యా పద్ధతిలో నిర్వహించరాదని శాసించాయి. ప్రవేశపరీక్షనూ, కోర్సువర్కునూ తప్పనిసరి చేశాయి. ఆ తేదీకి ముందు నమోదైనవారి సంగతి సుదీర్ఘ వివాదమైంది. నెట్ మినహాయింపుపై యు.జి.సి. విధించిన షరతును 2015లో పి. సుశీల కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2016 సవరణ పాత అభ్యర్థులకు కొంత ఊరట కల్పించినా, దానికి పెట్టిన తొలి షరతు పట్టా రెగ్యులర్ పద్ధతిలో వచ్చినదై ఉండాలన్నదే. ఇద్దరు బయటి పరీక్షకులు, బహిరంగ మౌఖిక పరీక్ష, రెండు ప్రచురిత పత్రాలు, రెండు సదస్సు ప్రసంగాలు ఆ తరువాతి షరతులు. గ్రంథాలయాల్లో ఏళ్ల తరబడి నిజాయితీగా శ్రమించిన దూరవిద్యార్థికీ, ఎవరిచేతనో రాయించుకున్నవాడికీ ఆ తొలి షరతు దగ్గర తేడా లేకపోయింది. నిషేధం అవసరమే కావచ్చు. ఈ వడపోత మాత్రం మోటుదని నా అభిప్రాయం.

2022 నిబంధనలు ఎం.ఫిల్.ను రద్దుచేసి, దూరవిద్య, ఆన్‌లైన్ పిహెచ్.డి.లపై నిషేధాన్ని కొనసాగించాయి. విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి ఎడ్‌టెక్ సంస్థలు ప్రకటించే ఆన్‌లైన్ పిహెచ్.డి.లకు గుర్తింపు లేదని యు.జి.సి., ఎ.ఐ.సి.టి.ఇ. అదే ఏడాది అక్టోబరులో ఉమ్మడిగా హెచ్చరించాయి. ఉద్యోగికి మిగిలిన దారి పార్ట్‌టైమ్ పిహెచ్.డి. దీనికి యజమాని ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి. పరిశోధనకు తగిన సమయం దొరుకుతుందనీ, అవసరమైతే కోర్సువర్కు కోసం విధుల నుంచి విడుదల చేస్తామనీ అందులో స్పష్టంగా ఉండాలి. మన కళాశాలల్లో ఈ రెండో హామీని సంతకంతో సాధించడం ప్రవేశపరీక్ష కన్నా కష్టం.

కనుక ఎంపిక విశ్వవిద్యాలయం పేరుతో కాక, పర్యవేక్షకుడితో మొదలుకావాలి. ఆయన వద్ద ఖాళీ ఉందా? కోర్సువర్కు తరగతులు ఏ రోజుల్లో జరుగుతాయి? నెలకెన్నిసార్లు కలవగలరు? ఈ మూడింటికీ సూటిగా సమాధానం చెప్పకుండా రుసుము వాయిదాల గురించి మాట్లాడేచోట నమోదు కాకపోవడం మేలు. ఆ శాఖ ఆమోదించిన సిద్ధాంత వ్యాసాలను శోధగంగలో వెదికి, ఆ పర్యవేక్షకుని విద్యార్థులవి రెండైనా చదవాలి. వాటిలోని ఆధార గ్రంథ సూచీ, అధ్యాయాల మధ్య పొంతన చూస్తే అక్కడి పర్యవేక్షణ ఎంత లోతైనదో చాలావరకు తెలుస్తుంది.