రాంగోపాల్‌పేట్ వీధుల కింద కరెంటు

ఇంటికి నేల కింది నుంచి కరెంటు రావాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి. ఒకరు కరెంటు ఇచ్చేవారు, రెండోవారు దారి సొంతదారు. స్తంభం మీద నుంచి సర్వీసు వైరు లాగితే రెండోవారితో పెద్దగా పని ఉండదు. కేబుల్ వేయాలంటే మాత్రం రోడ్డు తవ్వక తప్పదు, తవ్వడానికి అనుమతీ తప్పదు. సికింద్రాబాద్‌లోని రాంగోపాల్‌పేట్‌లో వందేళ్లుగా ఈ ఇద్దరూ మారుతూనే వచ్చారు. అక్కడి భూగర్భ కరెంటు కథలో సగం ఆ మార్పులదే.

ముందు దారి సంగతి. పేటకు ఆ పేరు దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ వల్ల వచ్చింది. నేడు మహాత్మా గాంధీ రోడ్డుగా పిలిచే జేమ్స్ స్ట్రీట్‌లో గడియారపు బురుజుతో నిలిచిన పోలీస్ స్టేషన్‌ను 1900లో కట్టించింది ఆయనే. సికింద్రాబాద్ నిజాం రాజ్యంలోదే అయినా 1806లో కంటోన్మెంటుగా మొదలైంది కాబట్టి ఈ బజార్ల పాలన చాలాకాలం బ్రిటిష్ వారి చేతుల్లో నడిచింది. 1945లో అవి తిరిగి నిజాం ప్రభుత్వానికి దక్కి, సికింద్రాబాద్‌కు సొంత మున్సిపాలిటీ ఏర్పడింది. 1960లో అది హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. 2007 నుంచి అదంతా గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ, అంటే జీహెచ్ఎంసీ.

కరెంటు వైపు కూడా బోర్డులు ఇలాగే మారాయి. నిజాం ప్రభుత్వం 1910లో విద్యుత్ శాఖను నెలకొల్పింది. 1920లో హుస్సేన్‌సాగర్ గట్టున 22.5 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం మొదలైంది. ఇప్పుడు ప్రసాద్స్ ఐమాక్స్, ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్న చోటు అది. రాంగోపాల్‌పేట్ అదే చెరువుకు అవతలి పక్కన ఉంది. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు వచ్చింది. 1999లో దాన్ని ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కోలుగా విడదీశారు. 2000లో పంపిణీ పని సెంట్రల్ డిస్కం (పంపిణీ సంస్థ)కు, 2014లో తెలంగాణ దక్షిణ డిస్కంకు దక్కింది. 2024లో ఆ సంస్థ పేరులో టీఎస్ పోయి టీజీ వచ్చింది. పాత ఇళ్ల కరెంటు కాగితాలు వరుసగా పెడితే ఈ పేర్లన్నీ కనిపిస్తాయి.

నేల కింద తీగ వేయడమనేది కొత్త ఆలోచనేమీ కాదు. 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ తన మొదటి కేంద్రం నుంచి కరెంటును నేల కింది గొట్టాల్లోనే పంపాడు. అదే ఊళ్లో టెలిగ్రాఫ్ తీగలు, ఆర్క్ దీపాల తీగలు స్తంభాల మీద అల్లుకుపోయి, 1888 మార్చి మంచు తుపానుకు కుప్పకూలాయి. మరుసటి ఏడాది ఒక లైన్‌మన్ నడివీధిలో, జనం చూస్తుండగానే తీగల మీద చనిపోయాడు. స్తంభాలు నరికేయాలన్న పట్టుదల ఆ తర్వాతే పెరిగింది. మన దేశంలో కలకత్తా, బొంబాయి నగరాల నడిబొడ్డున మొదటి నుంచీ కేబుళ్లకే మొగ్గు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో మాత్రం స్తంభమే రాజ్యమేలింది. పైతీగతో పోలిస్తే కేబుల్ లైనుకు ఖర్చు కొన్ని రెట్లు ఎక్కువ. పైగా దక్కను నేలలో నాలుగు గడ్డపార పోట్లు వేస్తే రాతిబండ తగులుతుంది. బెంగాల్ ఒండ్రుమట్టిలో కందకం తీయడం వేరు, ఇక్కడ తీయడం వేరు.

పాతకాలపు కేబుల్ పని చేయి తిరిగినవాళ్లకే సాధ్యమయ్యేది. రాగి తీగకు నూనెలో నానబెట్టిన కాగితం పొరలు పొరలుగా చుట్టి, దాని మీద సీసపు తొడుగు వేసేవారు. కాగితానికి తేమే శత్రువు. అందుకే జాయింటు వేసే ముందు పనివాడు ఒక కాగితపు ముక్క చింపి కాగే నూనెలో వేసేవాడు. అది చిటపటలాడిందంటే తడి ఎక్కినట్టే. అంతమేర కేబుల్ కోసి పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. శబ్దం లేకపోతే తీగలు కలిపి, సీసపు తొడుగు మీద కరిగిన టంకం పోసి, గుడ్డతో తుడుస్తూ నునుపు చేసేవాడు. వానపడే రోజున ఆ పని పెట్టుకునేవారు కాదు. తర్వాత ప్లాస్టిక్ జాతి తొడుగులు, ముఖ్యంగా ఎక్స్ఎల్‌పీఈ కేబుళ్లు వచ్చాక టంకం పోయి, వేడి తగిలితే బిగుసుకునే స్లీవులు వచ్చాయి.

ఇప్పుడు రాంగోపాల్‌పేట్‌లో ఒక దుకాణానికో అపార్ట్‌మెంటుకో కేబుల్ సర్వీసు కావాలంటే ముందు డిస్కంలో దరఖాస్తు పెట్టాలి. సెక్షన్ అసిస్టెంట్ ఇంజినీరు చోటు చూసి, దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ అడిగిన లోడు మోయగలదో లేదో తేల్చి, ఎస్టిమేటు వేస్తారు. మోయలేకపోతే 11 కేవీ లైను నుంచే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. దాని చోటు కూడా ఆవరణలోనే చూపించమంటారు. పేటలో గజం స్థలం ధర తెలిసినవారికి ఇది ఎంత బరువో చెప్పక్కరలేదు. కావలసిన సామానుకు దూరం పోనక్కరలేదు. మోటార్లు, పంపులు, కేబుళ్లు అమ్మే రాణిగంజ్ పక్కనే ఉంది. మూడు ఫేజుల సర్వీసుకు సాధారణంగా వాడేది మూడున్నర కోర్ల అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్. ఆ ‘అర’ న్యూట్రల్. ఫేజు తీగకన్నా సన్నం కాబట్టి ఆ లెక్క.

కందకం లోతుకు భారతీయ ప్రమాణం ఉంది. ఇంటి సర్వీసు వంటి తక్కువ వోల్టేజీకి 75 సెంటీమీటర్లు, 11 కేవీకి 90 సెంటీమీటర్లు. అడుగున ఇసుక పరిచి, కేబుల్ పెట్టి, మళ్లీ ఇసుక పోసి, పైన ఇటుకలు పేరుస్తారు. ఇటుక బరువు కాయడానికి కాదు. రేపు నీళ్ల పైపు కోసమో డ్రైనేజీ కోసమో తవ్వేవాడి గునపానికి ముందు అది తగలాలి. స్తంభం దగ్గర కేబుల్ ఇనుప గొట్టంలో పైకి ఎక్కుతుంది, ఇంటి దగ్గర మీటరు బోర్డులోకి దూరుతుంది. కరెంటు ఇచ్చే ముందు మెగ్గర్ అనే పరికరంతో ఇన్సులేషన్ చూస్తారు.

ఇంతకంటే ముందు తవ్వకానికి జీహెచ్ఎంసీ అనుమతి తెచ్చుకోవాలి, రోడ్డు బాగుచేసే రుసుము కట్టాలి. వానాకాలంలో ఆ అనుమతి దొరకడం కష్టం. మహానగరాల్లో కొత్త కనెక్షన్ మూడు రోజుల్లో ఇవ్వాలని 2024లో సవరించిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి గానీ, లైను పొడిగించాల్సిన చోట ఆ గడువు వర్తించదు. పాత పేటలో కేబుల్ సర్వీసుకు జాప్యం ఎక్కువగా దారి వల్లనే.

పైతీగల కష్టం ఊరేగింపుల రోజున తెలుస్తుంది. ప్యారడైజ్, ఎం.జి. రోడ్డు, రాణిగంజ్, కర్బలా మైదానం మీదుగా వినాయక విగ్రహాలు నిమజ్జనానికి సాగుతుంటే, లారీ మీద కర్రతో తీగలెత్తే కుర్రాడు తప్పనిసరి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు పాకి ఐదుగురు మరణించారు. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాద్‌లో పైతీగలను నేల కిందికి మార్చాలని నిర్ణయించింది.

కేబుల్‌కు దాని తంటాలు దానికున్నాయి. పైతీగ తెగితే లైన్‌మన్ కంటికి కనిపిస్తుంది. కేబుల్ కాలితే లోపం ఎక్కడుందో పట్టడానికి యంత్రాలున్న వ్యాన్ రావాలి, రోడ్డు మళ్లీ తవ్వాలి. ఇంటి సొంతదారు డబ్బు కట్టి వేయించుకున్నా, మీటరు దాకా ఉన్న సర్వీసు లైను డిస్కం ఆస్తే. దాన్ని బాగుచేసే పూచీ కూడా డిస్కందే. మీటరు దాటిన తీగ మాత్రమే ఇంటివారిది.