తెలుగు పేజీ, వినే పాఠకుడు: శ్రమ ఎవరి వంతు?

1990ల చివర తెలుగు దినపత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడు సొంత ఫాంట్లతోనే పేజీలు నింపేవి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాల మీద తెలుగు ఆకారాలను అతికించడం వల్ల పేజీ కంటికి తెలుగుగా కనబడినా, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలే అందేవి. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్యను ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా, ఒత్తులనూ గుణింతాలనూ సరిగా కూర్చే ఏర్పాటు 2001లో ‘గౌతమి’ ఫాంటుతో విండోస్ ఎక్స్‌పీ వచ్చేదాకా సామాన్యుల కంప్యూటర్లకు అందలేదు కనుక, తొలినాటి పత్రికలను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ తరవాతా పాత ఫాంట్లే ఏళ్ల తరబడి కొనసాగడం మాత్రం అలవాటు ఫలితమే. తయారీదారు తప్పించుకున్న పని పాఠకుడి నెత్తిన పడింది, ఆ ఫాంట్లను బ్రౌజర్‌లోనే యూనికోడ్‌కు మార్చే ‘పద్మ’ వంటి ఉచిత పనిముట్టు పుట్టవలసి వచ్చింది.

ఇటువంటి శ్రమ పంపకాన్నే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1999లో తొలిసారి, 2008లో మరింత స్పష్టంగా ప్రమాణాలుగా రాసింది. ఈ ప్రమాణాల్లోని ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ స్థాయిలను దివ్యాంగుల అవసరం ఒక్కటే చూసి కాక, ఆ నియమం అన్ని రకాల సైట్లకూ సాధ్యమా, తయారీదారులు ఆ నైపుణ్యాన్ని సులువుగా నేర్వగలరా అన్నవి కూడా లెక్కించి నిర్ణయించారు: రికార్డు చేసిన వీడియోకు మాటలను తెర మీద అక్షరాల్లో చూపడం మొదటి స్థాయి, ప్రత్యక్ష ప్రసారానికి అదే పని రెండోది, సంజ్ఞా భాషలో వ్యాఖ్యానం మూడోది. పేజీ భాష తెలుగని కోడ్‌లో ప్రకటించడం కూడా మొదటి స్థాయే. ఒక్క చిన్న మాటతో పోయే ఆ పనిని వదిలేస్తే తెలుగు గొంతుకు మారాలని స్క్రీన్ రీడర్‌కు తెలియకపోవచ్చు, ఇంతకన్నా చవకైన ఉపకారం వెబ్ తయారీలో అరుదు.

భారత ప్రభుత్వం తన సైట్లకు 2009లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సౌలభ్యాన్ని విధిగా చేసింది. అయినా ఆ చట్టం కింద వచ్చిన 2017 నియమావళిలోని 15వ నియమం పేర్కొన్న ప్రమాణాలు ఆచరణలో సిఫార్సులుగానే మిగిలాయి. హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదికను ఆధారం చేసుకుని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న, రాజీవ్ రతూరి కేసులో, ఆ నియమంలోని మొదటి ఉపనియమం చట్టానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరి అంశాలను మిగతా వాటినుంచి వేరుచేసి మూడు నెలల్లో నిర్ణయించమని కేంద్రాన్ని ఆదేశించింది. తయారీదారుడికి వెసులుబాటు ఉండవచ్చు గాని దానికి ఒక అడుగుమట్టం ఉండాలన్నదే ఈ తీర్పు సారం.

ప్రభుత్వ సేవల్లోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. 2025 జనవరి 30న తాడేపల్లి మండలం ఉండవల్లిలో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సేవ ‘మన మిత్ర’ తొలి విడతలో 161 ప్రభుత్వ సేవలను వాట్సాప్ ద్వారా అందించింది. కొత్త యాప్ కట్టకుండా, స్క్రీన్ రీడర్లతో అప్పటికే పనిచేస్తున్న వేదికను ఎంచుకోవడం వల్ల తయారీలో చాలా శ్రమ తగ్గుతుంది. కాని సంభాషణ చివర పౌరుడికి అందే పత్రం వినదగిన అక్షరాలతో ఉంటుందా, సంతకం చేసిన కాగితానికి స్కాన్ తీసిన బొమ్మగా ఉంటుందా అన్నది వాట్సాప్ తేల్చేది కాదు, దాన్ని జారీచేసే శాఖ తేల్చవలసినది.